పునరుక్తి దోషం కింద కొట్టేసిన చావు

కథల పోలిక శాఖ వచ్చిన తర్వాత ఆ జిల్లాలో ఒకే రకం చావు రెండోసారి జరగటం ఆగిపోయింది. శాఖ అసలు పేరు కథా తులనాత్మక పరిశీలన విభాగం. కలెక్టరాఫీసు వెనక, ఒకప్పుడు విత్తనాలు నిలవచేసిన గోడౌనులో, ఆరు కుర్చీలతో, రెండు బీరువాలతో మొదలైంది. విత్తనాల వాసన ఇంకా పూర్తిగా పోలేదు.

జనం రాసుకొచ్చే అర్జీలన్నీ ఒకేలా ఉంటున్నాయని, విసుగొస్తోందని పైవాళ్ళు చాలాకాలంగా అంటున్నారు. చదవకుండానే విసిగిపోయారు పాపం. అందుకని ఒక ఉత్తర్వు ఇచ్చారు. జిల్లాలో ఎవరికి ఏం జరిగినా దాన్ని నాలుగు పేజీలు మించని కథగా రాసి దాఖలు చేయాలి. ఆ కథను అంతకుముందు ఆమోదం పొందిన కథలతో ఆరు అంశాల్లో పోల్చి చూస్తారు: కథావస్తువు, పాత్రలు, స్థలకాలాలు, సంఘర్షణ, దృక్కోణం, ముగింపు. ఆరింటిలో నాలుగు కలిశాయంటే రెండో కథ పునరుక్తి. పునరుక్తి అని తేలినది జరగనట్టే లెక్క. ఆమోదం పొందిన కథలో ఉన్నదంతా, కామాలతో సహా, జరిగినట్టే లెక్క.

పోలమ్మ కథ ఆమోదం పొందింది. దాని నంబరు రెండువందల పదిహేడు. ఆమె మొగుడు చెంచయ్య గుండ్లకొండ నల్లరాయి క్వారీలో కూలీ. వాన వెలిసిన మర్నాడు, కొండని మెట్లుగా తొలిచిన చోట, మూడో బెంచీ మీద రాయికి బెజ్జాలు వేస్తుంటే పైనున్న బండ జారి మీద పడింది. ఆ కథ రాసిపెట్టినవాడు హజరత్తయ్య. కలెక్టరాఫీసు గేటు పక్క రేకుల షెడ్డులో కూర్చుని ముప్పై ఏళ్ళు అర్జీలు రాసినవాడు, ఇప్పుడు లైసెన్సు పొందిన కథకుడు. చదివేవాళ్ళ మనసు కరగాలంటే ఇంట్లో ఒక మూగజీవి ఉండాలని, చెంచయ్య ముద్దుగా పెంచుకున్న మేక ఒకటి ఆయన శవం చుట్టూ తిరిగిందని రాశాడు. పోలమ్మకి మేక లేదు. అయినా కథ ఆమోదం పొందింది గనక మేక ఉంది. అప్పట్నుంచీ మూడు నెలలకోసారి పశువైద్య శాఖ మనిషి వచ్చి, లేని మేకకి టీకా వేసి, ఆరోగ్యంగా ఉందని కాగితం ఇచ్చి వెళ్తున్నాడు. మొదటిసారి పోలమ్మ వాదించింది. రెండోసారికి గుంజకి ఒక తాడు కట్టి ఉంచింది.

చెంచయ్య పోయిన నలభై ఒకటో రోజున అదే క్వారీలో, అదే బెంచీ మీద, మిగిలిన బండలోంచి ఇంకో ముక్క జారింది. కింద ఏసురత్నం ఉన్నాడు. అతని భార్య దీనమ్మ పదిహేను రోజుల తర్వాత, కళ్ళు తుడుచుకోవటం అయిపోయాక, కథ రాయించుకుని పోలిక శాఖకి వచ్చింది.

అక్కడ అధికారి శేషావతారం గారు. ఇరవై రెండేళ్ళు కాలేజీలో తెలుగు చెప్పి డెప్యుటేషన్ మీద ఈ పనికి వచ్చారు. ఎవరినీ కసురుకోరు. ఎదురుగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, అది తాగేదాకా ఆగి కథ కొట్టేస్తారు.

"నీ కథ చదివానమ్మా. భాష బాగుంది. కానీ రెండువందల పదిహేడో కథ కూడా ఇదే."

"అది పోలమ్మక్క మొగుడి సంగతి సార్. మా ఆయన వేరే మనిషి."

"పేరు వేరు. పాత్ర ఒకటే. ఇద్దరూ క్వారీ కూలీలు. ఇద్దరూ పొద్దున్నే సద్ది కట్టించుకుని వెళ్ళినవాళ్ళు. స్థలం మూడో బెంచీ, కాలం వాన వెలిసిన మర్నాడు. సంఘర్షణ మనిషికీ రాయికీ. చెప్తున్నది భార్య గనక దృక్కోణం కూడా అదే. ఇక ముగింపు నేను చెప్పక్కర్లేదు. నాలుగు కలిస్తే చాలమ్మా, నీకు ఆరూ కలిశాయి."

"కలవక ఏం చేస్తయ్యి సార్? ఆ బండ కిందకి ఎవరు దిగినా అదే కథ."

"అదే నేనూ అంటున్నాను," అన్నారు శేషావతారం, ఆమె ఒప్పుకుందనుకుని.

పోలిక పట్టికలో రెండు నిలువు గడులుంటాయి. ఎడమవైపు సామ్యాలు, కుడివైపు భేదాలు. సామ్యాలు కుర్చీలో కూర్చుని నింపొచ్చు. భేదాలు నింపాలంటే చోటుకి వెళ్ళి చూడాలి. వెళ్ళాలంటే జీపు కావాలి. జీపుకి రెండేళ్ళుగా ముందు టైర్లు లేవు. అందువల్ల శాఖలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే నేర్పే పని ఒకటుంది: కుడి గడిలో 'పరిశీలనలో కనిపించలేదు' అని ముద్ర కొట్టటం. చేత్తో రాయటం శ్రమ అని దానికి రబ్బరు ముద్ర చేయించారు. ఈ ఏడాది అరిగిపోయింది మూడోది. ఇది తెలిసి ఎవరికైనా ఒళ్ళు మండితే మండనివ్వండి, పట్టికలో మంటకి గడి లేదు.

దీనమ్మ కథ పునరుక్తి దోషం కింద కొట్టేస్తూ ఇచ్చిన ఉత్తర్వు మూడు చోట్లకి వెళ్ళింది. ఒకటి దీనమ్మకి. ఒకటి క్వారీకి: ఏసురత్నం మరణం జరగలేదు గనక అతను సోమవారం నుంచి పనికి హాజరు కావలెను. ఒకటి చర్చికి: బతికున్న మనిషికి సమాధుల తోటలో సిలువ నిలబెట్టరాదు.

సిలువ అప్పటికే తయారైంది. తోటి కూలీలు క్వారీలో పనికిరాని ముక్క ఒకటి తెచ్చి చెక్కారు. పేరు, పుట్టిన తేదీ పడ్డాయి. రెండో తేదీ చెక్కబోతుంటే ఉత్తర్వు వచ్చింది. పాస్టరు మంచివాడే, కానీ చర్చికి కరెంటు కనెక్షన్ అర్జీ కూడా కథ రూపంలో అదే ఆఫీసులో ఉంది. ఆయన సిలువని చర్చి వెనక గోడకి ఆనించి, దాని మీద గోనెపట్టా కప్పి, "కొన్నాళ్ళు ఓర్చుకో దీనమ్మా," అన్నాడు. ఏసురత్నం మట్టిలో ఉన్నాడు, పైన గుర్తు లేదు. ఆ రాతి మీద ఆ తేదీ పడాలి. దీనమ్మ కోరుకున్నది అంతే.

అప్పీలుకి పదిహేను రోజులు గడువు. మూడు భేదాలు చూపిస్తే కథ నిలుస్తుంది. దీనమ్మ పోలమ్మని వెంటపెట్టుకుని మళ్ళీ వచ్చింది. శేషావతారం ఇద్దరికీ టీ తెప్పించారు.

"చెప్పమ్మా, ఏం తేడాలు?"

"మా ఆయన బెంచీ ఎక్కేముందు చెప్పులు విడిచేవాడు సార్. రాయి వణికితే అరికాలికి తెలుస్తదని. చెంచయ్య బావ బూట్లు ఏసుకునేవాడు."

"అది వర్ణన."

"బల్లిని చూస్తే వణికిపోయేవాడు. అంత రాళ్ళు కొట్టే మనిషి, ఇంట్లోకి బల్లొస్తే నన్ను లేపేవాడు."

"అదీ వర్ణనే. పాత్రకి నిండుదనం ఇస్తుంది, కాదనను. పోలికకి పనికిరాదు."

"చెంచయ్య బావ పోయినప్పుడు ఆ బండ పగులులో రెండు వేళ్ళు పట్టేవంట. మా ఆయన దిగేనాటికి అరచెయ్యి పట్టింది. ఆయనే నాకు చూపించాడు, ఇట్టా పెట్టి." దీనమ్మ బల్ల మీద చెయ్యి చాచింది.

"కొలతలు సాహిత్యాంశం కాదమ్మా," అన్నారు శేషావతారం బాధగా. ఆయన నిజంగానే బాధపడ్డారు. బాధపడటం ఆయన రోజువారీ పనిలో భాగం.

అప్పటిదాకా మాట్లాడని పోలమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. ఆమె కథ ఆమోదం పొందింది గనక ఆమెకి పోయేదేమీ లేదు. ఆమె గొంతు మాత్రం పెద్దది.

"నాకు చదువు రాదయ్యా. నేనొకటి అడుగుతా చెప్పు. నా మొగుడు పోయినప్పుడు ఆ బండ జారుద్దని ఎవరికీ తెలవదు. ఏసురత్నం దిగేనాటికి తెలవనిది ఎవరికి? మేస్త్రికి తెలుసు. ఓనరుకి తెలుసు. నా మొగుడి నెత్తురు కడిగింది వాళ్ళే గదా, తెలవకుండా ఎట్టా ఉంటది? తెలిసి దించారు. నా మొగుణ్ణి రాయి చంపింది. ఈమె మొగుణ్ణి మనుషులు చంపారు. రెండూ ఒకటెట్టా అయితయ్యి?"

శేషావతారం కళ్ళజోడు తీశారు. ఇరవై రెండేళ్ళలో ఏ విద్యార్థీ పరీక్షలో ఇంత మంచి జవాబు రాయలేదు. ఆయన రబ్బరు ముద్ర పక్కకి జరిపి, పెన్ను తీసి, ఆ శాఖ పుట్టాక మొదటిసారిగా కుడి గడిలో సొంత చేత్తో రాశారు. సంఘర్షణ: మొదటి కథలో మనిషికీ ప్రకృతికీ, రెండో కథలో మనిషికీ మనిషికీ. కథావస్తువు: మొదటిది ప్రమాదం, రెండోది తెలిసి చేసినది. పాత్రలు: రెండో కథలో యజమాని అదనం. మూడయ్యాయి. దీనమ్మ ఆయన పెన్ను వంకే చూస్తోంది. ఆ కాసేపట్లో ఆమె మనసులో ఉలి తీసుకుని చర్చి వెనక్కి వెళ్ళి, గోనెపట్టా తీసి, తేదీ చెక్కేసింది కూడా.

ఎదురు బల్ల దగ్గరి గుమాస్తా దగ్గి, నిబంధనల పుస్తకంలో పదకొండో నిబంధన తెరిచి చూపించాడు. కథలో ముందు లేని పాత్రను చేర్చదలిస్తే సదరు పాత్ర అంగీకార పత్రం జతచేయవలెను.

శేషావతారం నిబంధనకి కట్టుబడిన మనిషి. యజమానికి ఆ రోజే లేఖ పంపారు. మూడు రోజుల్లో జవాబు వచ్చింది, చాలా మర్యాదగా. తనకి సాహిత్యమంటే చిన్నప్పట్నుంచీ ప్రాణమని, అయితే కథల్లో పాత్రగా ఉండటం తన స్వభావానికి సరిపడదని, మన్నించమని రాశారు. జవాబుతో పాటు శాఖ వాడకానికి ఒక కొత్త ఇనప బీరువా కూడా పంపారు. యజమాని పాత్ర తప్పుకోవటంతో కథలో మళ్ళీ మనిషీ రాయీ మిగిలారు. తెలిసి దించినవాడు లేనప్పుడు తెలిసి చేసినది కూడా లేదు. శేషావతారం రాసిన మూడు వాక్యాల మీద మూడు గీతలు పడ్డాయి. ఆ పైన ముద్ర పడింది.

"నిజం మీవైపే ఉందమ్మా," అన్నారాయన ఇద్దరితో. "దానికి గడి లేదు, అంతే."

"నీ గడి తగలెయ్య," అంది పోలమ్మ. ఆ మాట నమోదు కాలేదు.

క్వారీలో ఏసురత్నం పేరు మస్టరులో అలాగే ఉంది. సోమవారం రాలేదు గనక గైరుహాజరు పడింది. మంగళవారం పడింది. ముప్పై పడ్డాక తాఖీదు వచ్చింది. సదరు కూలీ స్వయంగా రాలేని పక్షంలో ఇంట్లోవాళ్ళు ఎవరైనా అతని పేరు మీద హాజరు కావలెను. లేనిచో క్వారీ స్థలంలో ఉన్న గుడిసె ఖాళీ చేయవలెను. తాఖీదు తెచ్చిన మేస్త్రి మాలకొండయ్య గుమ్మంలోనే నిలబడి, తల గోక్కున్నాడు.

"నా చేతుల్లో ఏం లేదు దీనమ్మా. అయినా భయపడాల్సిందేం లేదులే. అక్కడ జరగాల్సింది ఒకసారి జరిగిపోయింది. రెండోసారి జరగదని ఆఫీసోళ్ళే రాసిచ్చారు గదా."

"పగులు ఎంతుంది ఇప్పుడు?"

"నేను చూళ్ళేదు," అన్నాడు మాలకొండయ్య. అతను రోజూ చూస్తున్నాడు.

అతను చెప్పిందాంట్లో ఆఫీసోళ్ళు రాసిచ్చారన్నది మాత్రం నిజం. చెంచయ్య పోయినప్పుడు మూడో బెంచీ చుట్టూ కట్టిన ఎర్ర తాడు ఇప్పుడు లేదు. ఏసురత్నం చావు కొట్టేసిన ఉత్తర్వు నకలు ఒకటి క్వారీ గేటు మీద అంటించి, తాడు విప్పేశారు. ప్రమాదం పునరావృతం కాదని ప్రభుత్వమే తేల్చాక తాడు ఎందుకు? కూలీలు ఆ కాగితం కిందనుంచే లోపలికి వెళ్తున్నారు. కొందరు వెళ్తూ దానికి దణ్ణం కూడా పెడుతున్నారు.

ఆ వారమే పశువైద్య శాఖ మనిషి పోలమ్మ గుడిసెకి వచ్చాడు. దీనమ్మ అక్కడే అరుగు మీద కూర్చుని ఉంది. అతను సూది తీసి, గుంజకి కట్టిన తాడు చివర గాల్లో పొడిచి, దూది అద్ది, కాగితం రాశాడు. మేక కొంచెం బరువు పెరిగిందని, అది మంచి సంగతేనని చెప్పాడు.

"లేని మేకని ఉందన్నారు. ఉన్న చావుని లేదన్నారు," అంది పోలమ్మ, అతను వెళ్ళాక.

దీనమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆమెకి చదవటం అంతంతమాత్రమే. కానీ ముద్ర గుర్తుపట్టింది.

"అక్కా, కథ నిలబడితే దాంట్లో ఏం రాసినా నిలబడతది గదా? మేకైనా, ఇంకేదైనా?"

"అంతే అంటన్నారు మరి."

"నా కథలో మా ఆయన చావు రాయిస్తే?"

పోలమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె దీనమ్మ చెంప మీద ఒకటి కొట్టింది. తర్వాత దగ్గరికి లాక్కుని ఏడ్చింది.

"కొడితే ఏం లాభం అక్కా? ఎటూ దిగమన్నారు. దిగకపోతే గుడిసె లేదు. నేను దిగేది ఖాయం, ఆ బండ జారేది ఖాయం. వట్టినే పోయేదానికంటే ఆయన తేదీ వేయించిపోతా."

హజరత్తయ్య ఆ కథ రాయటానికి రెండు రోజులు తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా మధ్యలో పెన్ను ఆపని మనిషి, ఈసారి మూడుసార్లు లేచి బయటికి వెళ్ళాడు. "మేక పెట్టనా అమ్మా?" అని మాత్రం అడగలేదు. మూడో వాక్యం ఆమె చెప్పినట్టే రాశాడు: 'నా భర్త ఏసురత్నం ఇదే బండ కింద పడి చనిపోయినాడు.' తేదీ కూడా వేశాడు.

శేషావతారం ఆ కథ చదివేసరికి టీ చల్లారిపోయింది. చదివి, మళ్ళీ మొదటికి వెళ్ళి, పట్టిక తెరిచారు.

"ప్రధాన పాత్ర స్త్రీ. మొదటి భేదం. దృక్కోణం ఉత్తమ పురుష. చచ్చిన తర్వాత ఎవరూ 'నేను' అని కథ చెప్పలేరు గనక ముందే దాఖలు చేశావు. చాలా తెలివైన పని. రెండో భేదం." ఆయన గొంతులో కాలేజీ నాటి ఉత్సాహం వచ్చేసింది. "ఇక సంఘర్షణ. బండ జారుతుందని తెలిసి దిగుతున్నది నువ్వు. పోరాటమంతా నీ లోపలే. అంటే అంతస్సంఘర్షణ. మూడోది! బయటి పాత్ర ఎవరూ లేరు. అంగీకారం ఎవరిదీ అక్కర్లేదు, నీ వేలిముద్ర చాలు. దీన్ని ఎవరూ కొట్టెయ్యలేరమ్మా."

"మా ఆయన తేదీ?"

"కథ ఆమోదం పొందగానే అది ఆ తేదీన జరిగినట్టే లెక్క. సిలువ పెట్టుకోవచ్చు."

"ఆమోదం ఎప్పుడు ఇస్తారు సార్?"

శేషావతారం చివరి పేజీ తిప్పి చూపించారు. అక్కడ నాలుగు పంక్తుల చోటు ఖాళీగా ఉంది. "ముగింపు ఇంకా లేదు కదమ్మా. అది జరిగాక ఎవరో ఒకరు వచ్చి నింపితే సరిపోతుంది. తేదీ, సమయం చాలు. వర్ణన అక్కర్లేదు."

"నేనొస్తా," అంది పోలమ్మ.

ఆయన రసీదు రాసి, ముద్ర కొట్టి, ఇద్దరికీ చెరో నకలు ఇచ్చారు. తర్వాత లేచి యజమాని పంపిన కొత్త బీరువా తెరిచారు. దీనమ్మ తన కథ ఒక్కటే అందులో ఉంటుందనుకుంది. నాలుగు అరల నిండా కాగితాలున్నాయి. బాణాసంచా తయారుచేసే ఊరివాళ్ళవి, రొయ్యల చెరువుల దగ్గర కరెంటు తీగల కింద పనిచేసేవాళ్ళవి, మురుగు కాలవల్లోకి దిగేవాళ్ళవి. పరిశీలన ఎలా జరుగుతుందో జిల్లాలో అందరికీ అర్థమైపోయింది. ఎవరి కథ వాళ్ళు ముందే రాయించి, వేలిముద్ర వేసి, తేడాలు సరిచూసుకుని ఇచ్చి వెళ్ళారు. మొత్తం నూట పన్నెండు కథలు, ముగింపు తప్ప అన్నీ పూర్తయినవే. శేషావతారం నూట పదమూడోది వాటి మీద పెట్టారు. తలుపు మూయటానికి మోకాలు ఆనించి నెట్టాల్సి వచ్చింది.

"ఇంకో బీరువా అడగాలి," అన్నారు గుమాస్తాతో.

ఆ రాత్రి వాన పడింది. పొద్దున్నే వెలిసింది. దీనమ్మ సద్ది కట్టుకుని, గేటు మీది కాగితం కిందనుంచి క్వారీలోకి నడిచింది. మూడో బెంచీ అంచున ఏసురత్నం విడిచిన చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి, రాతిపొడి పట్టి తెల్లబడి. ఆమె వాటి పక్కన తనవి విడిచింది. అరికాలు రాతి మీద ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత బండ దగ్గరికి వెళ్ళి పగులులో చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా వెళ్ళింది.

మాలకొండయ్య మస్టరు తెరిచాడు. ఆమె వంక చూడకుండా, పేరు చదివాడు.

"ఏసురత్నం."

"ఉన్నానయ్యా," అంది దీనమ్మ.